భంగార్‌కు పెట్టిన ముహూర్తం

2025 అక్టోబరు 14న లోకంలో కోట్ల కంప్యూటర్లు ఒక్కసారిగా ముసలివైపోయాయి. ముందు రోజు రాత్రి దాకా వాటికి ఏ రోగమూ లేదు. మీట నొక్కితే అక్షరం పడుతోంది, ఫ్యాను తిరుగుతోంది, డిస్కు చదువుతోంది. విండోస్ 10కి ఆ రోజుతో భద్రతా మరమ్మతులు ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో ముహూర్తం పెట్టుకుంది, అది వచ్చేసింది. పోనీ విండోస్ 11లోకి వెళదామంటే గుమ్మం దగ్గరే కులగోత్రాలు అడుగుతారు. ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరానికి తక్కువ కాకూడదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు మెడలో వేసుకుని రావాలి. అవి లేని నిర్భాగ్యుల మీద జాలిపడి ఇంకో ఏడాది ఊపిరి కూడా పోశారు: ముప్ఫై డాలర్లు కట్టండి, లేదా మీ సెట్టింగులన్నీ తెచ్చి మా ఖాతాలో దాచుకోండి, 2026 అక్టోబరు 13 దాకా బతకనిస్తాం.

ఆ కంపెనీకి 2014 నుంచి పెద్ద మన హైదరాబాదు బిడ్డే. ఆయన పేరు ఒకసారైనా మైకులో మోగకుండా ముంబైలో మన ఉగాది సభ ఏదీ ముగియదు. మోగనివ్వండి, తప్పులేదు. మనవాడి ఏలుబడిలో మన కంప్యూటరు భంగారై తుక్కులో కలిసిందంటే అదీ ఒక గౌరవమే. బయటివాడి చేతిలో పోలేదు కదా!

ముంబైలో మా కామాటిపురలో నోటీసు చదవడం పుట్టుకతో వచ్చే విద్య. ఈ పద్నాలుగు గల్లీల్లో చాలా చాళ్లకు నిజంగానే వయసైపోయింది. దూలాలకు చెద పట్టింది, వానాకాలం వస్తే పై అంతస్తువాళ్లు నిద్రపోరు. ‘ప్రమాదకరం’ అని గోడకు కాగితం అంటిస్తే మాకు కోపం వస్తుంది గానీ, అది అబద్ధమని అనలేం. కంప్యూటరు సంగతి అది కాదు. దానికి దూలమూ లేదు, చెదా లేదు. కాగితం ఒక్కటే ఉంది.

ఇక్కణ్ణుంచి లామింగ్టన్ రోడ్డుకి నడిచి పోవచ్చు. మున్సిపాలిటీ వాళ్లు దానికి డాక్టర్ దాదాసాహెబ్ భడ్కమ్కర్ పేరు పెట్టారు గానీ కంప్యూటరు కొనేవాడికి ఇప్పటికీ అది లామింగ్టన్ రోడ్డే. ఫోర్టులో, బాంద్రా కుర్లా కాంప్లెక్సులో ఆఫీసులు దులుపుకున్న డబ్బాలు అక్కడ దొంతర్లుగా పేర్చి ఉంటాయి. పుస్తకమంత ఉండే థిన్ క్లయింట్లు, ఆరో తరం డెస్క్‌టాపులు, మూత వంగిన ల్యాప్‌టాపులు. అందులో సగానికి రోగం లేదు, గోత్రం లేదంతే.

వాటిని నడిపే విద్య ఒకటి ఉంది. దాని పేరు బీఎస్‌డీ. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు ఏటీ అండ్ టీ కంపెనీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసుకుని, తీర్చిదిద్ది, 1978 నుంచి టేపుల మీద పంచిపెట్టిన సరుకు. పంచిపెట్టేవాణ్ణి చూస్తే సొంతదారుకు కడుపుమంట గదా! 1992లో ఏటీ అండ్ టీ తరఫున దావా పడింది. రెండేళ్లు నడిచి 1994లో రాజీ కుదిరింది. గొడవపడ్డ ఫైళ్లు దాదాపు పద్దెనిమిది వేలు, తీసేయాల్సివచ్చినవి మూడు. ఈ మూడింటి కోసం కోర్టు మెట్లెక్కిన రెండేళ్లలో లినక్స్ అనే కుర్రది బజారంతా చుట్టేసింది. ముంబైలో ఇంటి దావా వేసినవాళ్లకి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. గెలిచేసరికి వీధిలో వేరేవాడి మేడ లేచి ఉంటుంది.

ఇప్పుడది మూడు కాపురాలు. 1993లో నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ పుట్టాయి. నెట్‌బీఎస్‌డీలో మాటా మాటా పెరిగి థియో డి రాట్ అనే ఆయన బయటికొచ్చి 1995లో ఓపెన్‌బీఎస్‌డీ పెట్టుకున్నాడు. ముగ్గురు కలిస్తే నాలుగు సంఘాలు పెట్టే ఘనత తెలుగువాళ్లదేనని ఇన్నాళ్లూ విర్రవీగాం. కాదట. అయితే వాళ్లు విడిపోయాక కూడా పని మానలేదు. మనం విడిపోయాక బ్యానరొకటి కుట్టించి ఊరుకుంటాం.

ఇక మన సంఘం ఆఫీసులోకి రండి. ఏ సంఘమని అడక్కండి. కామాటిపుర, వర్లీ, ప్రభాదేవి, ఎక్కడి తెలుగు చాల్‌లో చూసినా ఇదే బొమ్మ. మూలన ఒక కంప్యూటరు, దాని మీద మఖ్మల్ గుడ్డ, గుడ్డ మీద గణపతి.

“గిది పాతదైంది. భంగార్‌ల ఏసి కొత్తది కొందాం,” అంటాడు అధ్యక్షుడు కాకా.

“మంచిగనే నడుస్తున్నది గద కాకా,” అంటాడు పదో తరగతి పిల్లగాడు.

“నువ్వూకో బిడ్డా. సార్ చెప్పిండు.”

సార్ అంటే హైటెక్ సిటీ నుంచో పుణె నుంచో దసరాకు వచ్చి శాలువా కప్పించుకునే సాఫ్ట్‌వేర్ సారు. ఆయన ఉపన్యాసంలో నాలుగు మాటలకు ఒకసారి క్లౌడ్ వస్తుంది. ఫోటోలు క్లౌడ్‌లో పెట్టండి, లెక్కలు క్లౌడ్‌లో పెట్టండి, సీసీటీవీ క్లౌడ్‌కి కలపండి. నెలకి కొంచెమే సార్, ఏడాదికి కడితే ఇంకా తక్కువ. కమిటీ తలూపుతుంది. తీర్మానం పాసవుతుంది. పల్లీల పొట్లాలు పంచుతారు.

కిరాయి ఇల్లంటే ఏమిటో కామాటిపురకు ఒకరు చెప్పాలా? మొదట్లోనే పెద్ద మొత్తం పగ్డీ కట్టి పది బై పన్నెండు ఖోలీలో మూడు తరాలు బతికినవాళ్లం. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం అడ్డం నిలబడింది కాబట్టి మా తాతల సామాను వీధిన పడలేదు. ఈ క్లౌడ్ ఖోలీకి అద్దె చట్టం లేదు. రేటు పెంచితే కట్టాలి. ఖాతా మూసేస్తే స్మాల్ కాజెస్ కోర్టుకు పోయి దావా వేసే దిక్కు కూడా లేదు. మొండి కిరాయిదార్లమని పేరు తెచ్చుకున్న ముంబై చాళ్లవాళ్లం, ఒక్క మెలిక కూడా చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కి వస్తున్నాం.

పోనీ, ఏం దాచుకుంటున్నాం అందులో? వర్లీ బీడీడీ చాళ్లలో 2025 ఆగస్టు 14న మొదటి 556 కుటుంబాలకు ఐదొందల చదరపు అడుగుల ఇళ్ల తాళాలు చేతికొచ్చాయి. కామాటిపురలోనూ గృహనిర్మాణ సంస్థ మ్హాడా క్లస్టర్ రీడెవలప్‌మెంట్ మాట వినబడుతోంది. ఇలాంటప్పుడు చాల్‌వాసి ప్రాణం కాగితాల్లో ఉంటుంది: అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు, తాత మరణ ధృవీకరణ పత్రం. అవెక్కడున్నాయి? వాట్సాప్ గ్రూపులో. లేదంటే గూగుల్ వాడు ఉచితంగా ఇచ్చే పదిహేను జీబీలో. ఆ పదిహేనులోనే జీమెయిలూ, ఫోటోలూ, ఆండ్రాయిడ్ ఫోనైతే వాట్సాప్ బ్యాకప్పూ. ఏడాది పొడుగునా వచ్చిన శుభోదయం తామరపువ్వులు అందులో నిక్షేపంగా ఉంటాయి. తాత రసీదు ఎక్కించబోతే చోటు లేదంటుంది.

ఈ కాగితాలన్నీ దాచడానికి లామింగ్టన్ రోడ్డు డబ్బా ఒకటి, డిస్కులు రెండు చాలు. ఫ్రీబీఎస్‌డీలో జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఏర్పాటుంది. ఒకే ఫైలు రెండు డిస్కుల మీదా పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది ఉంటుంది. డిస్కులో అక్షరం చెడితే అదే పసిగట్టి మంచి ప్రతితో సరిచేసుకుంటుంది. రోజుకొక స్నాప్‌షాట్ తీయమంటే తీస్తుంది. కార్యదర్శి పొరపాటున ఫోల్డరంతా చెరిపేసినా నిన్నటిది నిన్నటిలాగే ఉంటుంది. కావాలని చెరిపేసినా సరే, పాస్‌వర్డు ఆయన చేతిలో పెట్టకపోతే. ఎన్నికల ముందు సంఘం లెక్కలు మాయమయ్యే ఆనవాయితీకి ఇది పెద్ద దెబ్బ. కమిటీలు ఇలాంటివాటికి ఉత్సాహపడకపోవడంలో విడ్డూరమేముంది!

గుమ్మం దగ్గర కాపలాకు ఓపెన్‌బీఎస్‌డీ. నెట్‌వర్కు పోర్టులు రెండున్న పాత పెట్టె ఏదైనా సరే, ఒక జీబీ మెమొరీ ఉన్నా చాలు. కేబుల్‌వాడి తీగ ఒక పక్క, మన స్విచ్చి ఇంకో పక్క. మధ్యలో పీఎఫ్ అనే ఫైర్‌వాల్. 2001 నుంచి ఉన్న సరుకది. ఎవణ్ణి రానివ్వాలో, ఎవణ్ణి ఆపాలో ఇరవై వరుసల్లో రాసుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలొచ్చినవాడికి ఆ ఇరవై వరుసలు చదివితే అర్థమవుతాయి. మన సంఘం నిబంధనావళి గురించి అంత ధైర్యంగా చెప్పలేను.

ఇవి ఎవరూ వాడని వస్తువులని సారు అంటాడు. సారు రాత్రి నెట్‌ఫ్లిక్స్‌లో చూసే సినిమా ఫ్రీబీఎస్‌డీ సర్వర్ల నుంచే వస్తుంది. సారు కొడుకు ఆడే ప్లేస్టేషన్ 4 దాని మీద కట్టినదే. సారు చేతిలో ఐఫోనుకూ బీఎస్‌డీ రక్తం ఉంది. సారు పొద్దున్నే ఆఫీసు సర్వరులోకి దూరడానికి ‘ఎస్‌ఎస్‌హెచ్’ అని కొడతాడే, దాని ఇప్పటి రూపాన్ని ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 1999లో తీర్చిదిద్ది ఊరికే ఇచ్చారు. ఇప్పుడది విండోస్‌లో కూడా ఉంది. సారు నెల జీతం ఆ తలుపులోంచే వస్తోంది. ఆ తలుపు చేసినవాడి పేరు సారుకు తెలియదు.

తెలియకపోవడానికి కారణముంది. ఈ సరుకు ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పెట్టెలో పెట్టి అమ్ముకోవచ్చు. రాసినవాళ్ల పేరుతో ఉన్న చీటీ చెరపకుండా ఉంచితే చాలు. తిరిగి పైసా ఇమ్మని లైసెన్సు అడగదు. అడగనివాడికి ఎవడిస్తాడు? 2014 జనవరిలో కెనడాలో కాల్గరీ ఊళ్లో ఓపెన్‌బీఎస్‌డీ యంత్రాలకు కరెంటు బిల్లు కట్టే దారిలేక దుకాణం మూసేసే పరిస్థితి వచ్చింది. కావలసింది ఇరవై వేల డాలర్లు. అప్పటికి ప్రపంచంలో పెద్ద కంపెనీలన్నీ వాళ్ల ఎస్‌ఎస్‌హెచ్ మీద కూర్చుని ఉన్నాయి. మొదట దిగివచ్చింది ఆ పెద్దలు కాదు, విడి మనుషులు. మైక్రోసాఫ్ట్ మరుసటేడు విరాళమిచ్చింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

కరెంటు మాట వచ్చింది కాబట్టి మన బిల్లు కూడా చూద్దాం. అరవై వాట్లు తాగే పాత డెస్క్‌టాపును రాత్రింబవళ్లు ఉంచితే నెలకి నలభై మూడు యూనిట్లు. బెస్ట్ వాళ్ల మీటరు నూరు యూనిట్లు దాటిందా, రేటు మారుతుంది. అమ్మ ఊరుకోదు. పది వాట్ల థిన్ క్లయింటైతే నెలకి ఏడు యూనిట్లు, అమ్మకు తెలియదు. ఇంకో సుఖముంది. ముంబై నడిబొడ్డున కరెంటు పోవడం వార్త. 2020 అక్టోబరు 12న పోతే దేశమంతా పేపర్లలో పడింది. ఇంట్లో సర్వరు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెతుక్కోవాలి.

బీఎస్‌డీ వాళ్లు దేవతలేమీ కాదు. ఓపెన్‌బీఎస్‌డీ 2014లో బ్లూటూత్‌ను పీకి పారేసింది, సరిగ్గా రాసేవాడు లేడని. ఈనాటికీ పెట్టలేదు. 2018లో ఇంటెల్ ప్రాసెసర్ల హైపర్‌థ్రెడింగు మీద అనుమానమొచ్చి దాన్నీ ఆపేసి కూర్చుంది. వైఫై చిప్పు ఏదో చూసుకోకుండా కొంటే ఇంటికి తెచ్చాక ఏడవాలి. లెక్కలు రాసే ట్యాలీ నడవదు. ఫ్రీబీఎస్‌డీ తన 15వ కూర్పులో ముప్ఫైరెండు బిట్ల పీసీలకు సెలవిచ్చేసింది. అంటే పోటు మగాళ్లు కూడా ముహూర్తాలు పెడతారన్నమాట. అప్పుడు నెట్‌బీఎస్‌డీ దగ్గరికి పోవాలి. దానికి వద్దనడం తెలియదు. 2005లో రొట్టెలు కాల్చే టోస్టరులో దాన్ని ఎక్కించి నడిపి చూపించారు. ఇక ఫ్రీబీఎస్‌డీ బొమ్మ సంగతి: ఎర్రటి ఒళ్లు, రెండు కొమ్ములు, చేతిలో శూలం, కాళ్లకు బూట్లు. ఆఫీసులో గణపతి పక్కన పెడితే కమిటీ నుంచి అభ్యంతరం ఖాయం. బోనాలకు పోతరాజును ఎదుర్కొని తెచ్చుకునే జనం బూట్లు చూసి జడుసుకుంటారు.

కేబుల్‌వాడి నెట్టులో బయటి నుంచి మన సర్వరుకు దారి ఉండదని సారు అంటాడు. నిజమే, చాల్ మొత్తానికీ వాడు ఒకే చిరునామా పంచుతాడు. అద్దె రసీదులు దాచడానికి బయటి దారి దేనికి? చాల్‌లో ఉన్నవాళ్లకు అందితే చాలదా?

ఇప్పుడు అసలు మాట. మన పిల్లలకు చెప్పేదేమిటి? మహారాష్ట్రలో చాలా సర్కారు కొలువులకు ఎంఎస్-సీఐటీలాంటి కంప్యూటరు పరీక్ష కాగితం ఉండాలి. అందులో విండోస్, వర్డ్, ఎక్సెల్. అది దాటితే అమీర్‌పేట, అక్కడ ఈ ఏడాది జాబు దేనికొస్తే ఆ కోర్సు. కిందేముందో విప్పి చూడమని ఎవరూ అనరు. అమెరికాలో ఒక కుర్రాడు, ఉక్రెయిన్ నుంచి తల్లితో వచ్చినవాడు, సర్కారు ఇచ్చిన ఇంట్లో ఉంటూ, చేతిలో డబ్బు లేక ఫ్రీబీఎస్‌డీ నేర్చుకున్నాడు. యాహూలో అదే నడుస్తోంది కాబట్టి అక్కడ ఉద్యోగం దొరికింది. పేరు జాన్ కూమ్. తర్వాత అతను స్నేహితుడితో కలిసి వాట్సాప్ కట్టాడు. 2012లో ఒక్క ఫ్రీబీఎస్‌డీ యంత్రం మీదే ఇరవై లక్షల మంది ఒకేసారి తగులుకుని ఉండగలిగారు. 2014లో పందొమ్మిది వందల కోట్ల డాలర్లకు దాన్ని ఫేస్‌బుక్‌కు అమ్మి, అదే ఏడాది ఫ్రీబీఎస్‌డీ ఫౌండేషన్‌కు పది లక్షల డాలర్లిచ్చాడు. కొన్న కంపెనీ ఆ తర్వాత అన్నిటినీ తన లినక్స్ యంత్రాల మీదికి తోలుకుంది, అది వేరే కథ. పేదవాడి చేతికి ఖర్చులేకుండా దొరికిన విద్య అది. మన చాల్ పిల్లగాడు అలాంటిదాని మీద చెయ్యేస్తే “నువ్వూకో బిడ్డా” అంటున్నాం.

మనం ఎప్పుడూ ఇంతేనా అంటే కాదు. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసి, సున్నం కొట్టి, గోడలు లేపిన కామాటీల్లోంచి పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద కాంట్రాక్టర్లు లేచారు. పుణెలో జ్యోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెడితే బొంబాయిలో ఆయన వెనుక నిలబడింది ఈ తెలుగువాళ్లే. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాలేవార్‌లాంటి వాళ్లు ఆ సమాజానికి ఒక ముద్రణ యంత్రం కొనిచ్చారు. అచ్చు యంత్రం అద్దెకు తెచ్చుకోండి, నెల నెలా మేం కడతాం అనలేదు. యంత్రం మనదైతేనే మాట మనదని రాళ్లు కొట్టే కాంట్రాక్టర్లకు అప్పుడే తెలిసింది. డిగ్రీల మీద డిగ్రీలున్న సారుకు ఇంకా తెలియలేదు.

నెట్‌బీఎస్‌డీ ఎక్కించేటప్పుడు మొట్టమొదట ఏ భాష కావాలని అడుగుతుంది. ఇంగ్లీషు, జర్మన్, స్పానిష్, ఫ్రెంచ్, పోలిష్. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. పోలండు జనాభా అందులో సగం కూడా లేదు. ఇది నెట్‌బీఎస్‌డీ వాళ్ల తప్పు కాదు. ఎవరు రాసి పంపితే వాళ్లది చేర్చుకునే ఇల్లది. ఆ నల్లటి తెర మీద మన ఒత్తులు, గుణింతాలు నిలబడవని సారు వాదిస్తాడు. ఆ ఒక్కటీ సరైన మాటే, ఒప్పుకుంటాను. కాగితం మీద నిలబడతాయి కదా! ఏ ప్రశ్నకు ఏం కొట్టాలో, డిస్కు ఎలా పంచుకోవాలో, పీఎఫ్‌లో ఇరవై వరుసలు ఎలా రాయాలో తెలుగులో ఇరవై పేజీలు రాసిపెట్టవచ్చు కదా! సిలికాన్ వ్యాలీ సగం మనదేనని చెప్పుకునే జాతికి ఇరవై పేజీలు ఎక్కువయ్యాయా?

అందుకని సాఫ్ట్‌వేర్ సార్లకు మనవి. వచ్చే దసరాకు మాకు ఉపన్యాసం వద్దు. మీ ఆఫీసులో గోత్రం చెడి పారేసే పెట్టెలుంటే, డిస్కు తుడిపించి, అడగాల్సినవాళ్లను అడిగి ఇప్పించండి. లేకపోయినా ఫరవాలేదు, లామింగ్టన్ రోడ్డులో మేమే బేరమాడుకుంటాం. ఆ ఇరవై పేజీలు రాసుకుని ఒక ఆదివారం గ్రాంట్ రోడ్ స్టేషన్లో దిగండి. అక్కణ్ణుంచి నడిచి వచ్చేంత దూరమే. పిల్లలు ఉంటారు, కంప్యూటరు ఉంటుంది, చాయ్ మేమిస్తాం. శాలువా మాత్రం ఉండదు.